తల ఊపితే రాయలేనండి

“ఒక్క మాట తేడా వస్తే ఉద్యోగం ఒక్కటే పోతుందా, లేక నిన్ను కూడా లోపల వేస్తారా?”

పొద్దున ఆరు ఇంకా కాలేదు. ఇంకా ఏమీ జరగలేదు. స్టవ్ మీద పెట్టిన టీ నీళ్లు గోరువెచ్చన కూడా కాలేదు. ఈలోగానే తల్లి మనసులో కూతురికి విచారణ జరిగింది, తీర్పు వచ్చింది, శిక్ష పడింది. చూడ్డానికి వెళ్లే రోజు ఏ డబ్బాలో ఏం పట్టుకెళ్లాలో కూడా తేలిపోయింది.

“అప్పుడే మొదలెట్టావా?” అంది కూతురు, గోడకు ఆనుకుని, కుడి మణికట్టును ఎడమ చేత్తో పిసుక్కుంటూ. అది నిద్రపోయి లేచిన మొహం కాదు.

“కీడెంచి మేలెంచమన్నారు పెద్దవాళ్లు.”

“నువ్వు కీడు స్టాపులోనే దిగిపోతావమ్మా. మేలు దాకా ఏనాడూ టిక్కెట్టు తీసుకోలేదు.”

మామూలు రోజైతే ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. ఈ రోజు ఆ హాస్యం కలపని చక్కెరలా గ్లాసు అడుగునే ఉండిపోయింది.

పోయిన వారం కథ ఆపినప్పుడు ఈ తల్లిని మనం కూతురి మంచం కింది ఇనప పెట్టె ముందు, చేత్తో మూత ఎత్తి పట్టుకున్నది పట్టుకున్నట్టే వదిలేసి వచ్చాం. కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ల కోసం నాలుగు ముక్కలు చెప్పుకుందాం. కూతురు కోర్టులో స్టెనో. సాక్షులు చెప్పిన ప్రతి మాటా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకుని, తర్వాత టైపు చేసి, కింద సంతకం పెట్టి ఇవ్వడం ఆమె పని. పదకొండు నెలల కిందట, ఒక గోదాము తగలబడి లోపల నిద్రపోతున్న కూలీ చనిపోయిన కేసులో, కాపలా ముసలాయన సాక్ష్యం ఆమే రాసింది. ‘ఆ సాయంత్రం గేటు దగ్గర మీరు చూసింది ఇతన్నేనా?’ అన్న ప్రశ్నకి టైపు కాగితంలో ‘అవును’ అని ఉంది. ఆ ఒక్క మాట ఆధారంగా ఒక వెల్డరు అప్పటినుంచీ జైల్లో ఉన్నాడు. కాపలా ముసలాయన రెండు నెలలు తిరక్కుండా కన్నుమూశాడు. ఇప్పుడు వెల్డరుకి కొత్త లాయరు వచ్చాడు. ‘ముసలాయన నోరు విప్పలేదట, తల ఊపాడట, అంతే. మా వాడు బోనులోంచి కళ్లారా చూశాడు. స్టెనో గారి నోటు పుస్తకం తెప్పించండి’ అని అర్జీ పెట్టాడు. మాటలు పట్టే మిషను ఆ గదికి ఇంకా రాలేదు. చచ్చినవాణ్ణి లేపి అడగలేరు. ఇక మిగిలింది పుస్తకమే.

ఆ పుస్తకాన్ని కోర్టులో చూపించాల్సిన రోజు ఇదే.

కూతురు టీ ముట్టుకోకుండానే మంచం కింద నుంచి పెట్టె బయటికి లాగింది. ఆఫీసు గదిలో చెమ్మ, ఎలుకలు. అందుకని ఏడేళ్లుగా పుస్తకాలన్నీ ఈ పెట్టెలోనే. ప్రతి దాని అట్ట మీద నంబరు, తేదీలు. ఒక్కొక్కటే తీసి నేల మీద పేర్చింది. ముప్పై నాలుగు, ముప్పై ఐదు, ముప్పై ఆరు. తర్వాత ముప్పై ఎనిమిది.

మళ్లీ మొదటినుంచి తీసింది. పెట్టెను బోర్లించింది. మంచం కిందికి దూరి చూసింది. మోకాళ్ల మీద దుమ్ముతో లేచి నిలబడినప్పుడు ఆమె మొహంలో కోపం లేదు, కంగారు లేదు. అదే తల్లికి భయం వేసింది. కంగారుపడే ఓపిక కూడా అయిపోయినవాళ్లు అలా ఉంటారు.

“ముప్పై ఏడు లేదమ్మా.”

“ఆఫీసులోనే ఉండిపోయిందేమో.”

“నేను ఏ పుస్తకమూ ఆఫీసులో వదలను. నీకు తెలుసు.”

“అయితే... పోయిందే అనుకో. పోయిన వస్తువుని ఎవరు మాత్రం ఎక్కడినుంచి తెస్తారు? పోయిందని చెప్పేస్తే సరిపోలా?”

కూతురు తల్లి వైపు చూసింది. “నువ్వేమన్నా తీశావా?”

తల్లి తల అడ్డంగా ఊపింది.

రోజూ అయితే కూతురు వెంటనే అనేది: ‘తల ఊపితే రాయలేనండి, నోటితో చెప్పండి’ అని. కోర్టులో అది ఆమె ఊతపదం. సాక్షి తల ఊపినా, భుజాలెగరేసినా, వేలు చూపించినా, జడ్జి గారి ముందైనా సరే పెన్ను ఆపి ఆ మాట అనేది. దాంతో గుమాస్తాలు ఆమెకు ‘నోటితో చెప్పండి మేడమ్’ అని పేరు పెట్టారు. ఇంట్లో కూర వడ్డించుకుంటావా అంటే తల్లి తల ఊపినా అదే మాట. ఇద్దరి మధ్యా అదో ముద్దు.

ఈ రోజు అనలేదు. తల ఊపింది చూసి, నమ్మి, పుస్తకాలన్నీ మళ్లీ పెట్టెలో సర్దింది. మొహం కడుక్కోవడానికి వెళ్లింది.

నోటితో అబద్ధం ఆడలేదు కదా అనుకుంది తల్లి. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు, ఆ ఒక్క ఊరట పట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. తలుపు వెనక మేకుకు ఆమె కూరగాయల సంచి వేలాడుతోంది. అందులో పాత పేపర్ల మధ్య, ముప్పై ఏడో నంబరు పుస్తకం ఉంది.

నిన్న మధ్యాహ్నం ఏం జరిగిందంటే, ఆమె పెట్టె తెరిచింది దుమ్ము దులపడానికి కాదు. చూడ్డానికి. ‘ఆ లాయరు చెప్పింది నిజమేమో’ అన్న పురుగు మూడు రోజులుగా తొలుస్తోంది. మామూలు తల్లులకైతే ఆ పుస్తకం తెరిచినా చీమలు పాకినట్టు గీతలే కనిపిస్తాయి. ఈమె సంగతి వేరు.

చదివింది ఏడో తరగతే. కానీ కూతురు ఈ విద్య నేర్చుకున్న మూడేళ్లూ రోజూ ఎదురుగా కూర్చుని పేపరు చదివి వినిపించింది ఈమే. గోడ గడియారం చూసుకుంటూ మొదట నిమిషానికి అరవై మాటలు, తర్వాత ఎనభై, వంద. నూట ఇరవై దగ్గర ఈమె నాలుకే మడత పడేది. నూట నలభైకి వచ్చేసరికి కూతురు రాసేది, తల్లి ఆయాసపడేది. “నువ్వు ఆగకమ్మా, నువ్వు ఆగితే నా చెయ్యి ఆగుతుంది” అని కసిరేది ఆ పిల్ల. తల్లి నీళ్లు మింగుకుంటూ చదివేది. అర్థంకాని మాటలు, ఊళ్ల పేర్లు, రోగాల పేర్లు, మందుల పేర్లు, అన్నీ. ‘డాక్టరు వచ్చి బోనెక్కితే ఆయన భాష రావాలి, మేస్త్రి ఎక్కితే మేస్త్రి భాష రావాలి. నాకు తెలీదని ఆగితే రైలు వెళ్లిపోతుందమ్మా’ అనేది కూతురు.

అలా ఎదురుగా కూర్చుని కూర్చుని కొన్ని గుర్తులు ఆమెకీ వంటబట్టాయి. ‘అవును’ అంటే చిన్న కొక్కెం. ‘కాదు’ అంటే అదే కొక్కెం తిరగబడి. సాక్షి ఏమీ మాట్లాడకపోతే ఖాళీ సున్న. సున్నకి చిన్న తోక ఉంటే తల ఊపాడని. “మాట లేకపోవడం కూడా రాయాలా?” అని ఆశ్చర్యపోయింది అప్పట్లో. “అన్నిటికన్నా ముందు అదే రాయాలమ్మా. ఏడిస్తే ఏడ్చాడని, ఊరుకుంటే ఊరుకున్నాడని. తప్పు మాట్లాడితే దిద్దకూడదు, సగంలో ఆపితే పూర్తి చేయకూడదు. చెవి తెరిచి ఉండాలి, చెయ్యి తెరిచి ఉండాలి, నోరు మూసి ఉండాలి.” ఎంతమంది ఏడుపులు రాసుకొచ్చిందో, ఒక్కటీ ఇంట్లో చెప్పలేదు ఆ పిల్ల. వేణ్ణీళ్ల గిన్నెలో చెయ్యి పెట్టుకుని గోడకేసి చూస్తూ కూర్చునేది.

నిన్న ఆ పేజీ వెతకడానికి ఆమెకు గంట పట్టింది. తేదీ పట్టుకుంది, ‘గేటు’ పట్టుకుంది. ప్రశ్న చివర జవాబు ఉండాల్సిన చోట కొక్కెం లేదు. తోక సున్న ఉంది.

ముసలాయన తల ఊపాడు. ఎటు ఊపాడో, ఎందుకు ఊపాడో, అవుననో, కాదనో, ప్రశ్న వినపడిందనో, ఆ దేవుడికే తెలియాలి.

కూతురు ఎందుకు ఆపి అడగలేదు? ఏడేళ్లుగా అందరినీ ఆపి అడిగే పిల్ల, ఆ రోజు మాత్రం ఎందుకు ఊరుకుంది?

జవాబు ఆ పేజీ అంచునే ఉంది. ఎవరో వచ్చి చెవిలో ఏదో చెబితే రాసుకున్నట్టు, వంకరగా, తొందరగా, ఒక్క గుర్తు. ఆమె అన్నిటికన్నా ముందు నేర్చుకున్న గుర్తు అదే. మొదటిరోజు కూతురే పలక మీద రాసి చూపించి, “చూడు, ఇది నువ్వు” అంది.

అమ్మ.

అప్పుడు తేదీ మళ్లీ చూసింది. గుర్తొచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం ఈమెకు గుండెల్లో ఏదో పట్టేసినట్టయింది. ప్రాణం పోతోందనుకుంది. పక్కింటావిడ చేత కోర్టుకి ఫోను చేయించింది. “మీ అమ్మగారికి గుండెనొప్పట” అని బంట్రోతు వెళ్లి స్టెనో చెవిలో చెప్పాడు. కూతురు ఆ సాక్ష్యం అయ్యేదాకా కదల్లేదు, అయ్యాక పరుగెత్తుకొచ్చింది. ఆస్పత్రిలో డాక్టరు చూసి, కడుపులో గ్యాసు తప్ప ఏమీ లేదన్నాడు. మర్నాడు పొద్దున్నే కాగితాలు ఇవ్వాలి కనుక కూతురు ఆస్పత్రి వరండా బల్ల మీదే కూర్చుని, ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని టైపు చేసింది. పక్కన పడుకున్న ఈ తల్లి ప్రతి ఐదు నిమిషాలకీ “ఇంకా ఎంతసేపే? నాకేదో అవుతోందే” అని ప్రాణం తీసింది. అప్పుడే, ఆ వేళ్లే, తోక సున్నని ‘అవును’గా మార్చేశాయి.

రాని చావుకి భయపడి, ఎవరో కుర్రాణ్ణి పదకొండు నెలలు జైల్లో కూర్చోబెట్టింది తనేనన్నమాట.

అలా అనుకున్న మరుక్షణంలోనే రెండో భయం మొదటి భయాన్ని మింగేసింది. ఈ పేజీ జడ్జి గారు చూస్తే? చూసి, టైపు కాగితం కింద మా అమ్మాయి సంతకం చూస్తే? పుస్తకం మూసి, పేపర్ల మధ్య చుట్టి, సంచిలో పెట్టేసింది. పుస్తకం లేకపోతే కాగితమే నిలుస్తుంది, కాగితం నిలిస్తే కూతురు నిలుస్తుంది. ఏడో తరగతి లెక్క అంతవరకే వెళ్లింది.

*

“నువ్వెందుకమ్మా రావడం? ఇంట్లో ఉండు” అని కూతురు బస్టాపు దాకా చెబుతూనే ఉంది. “ఇంట్లో కూర్చుంటే నా ప్రాణం నిలవదే” అంటూనే తల్లి బస్సెక్కింది. సంచి ఇంట్లో వదిలితే ఎవరైనా వచ్చి చూస్తారేమోనని సంచీ తెచ్చింది.

కోర్టు గది ఆమె ఊహించుకున్నంత పెద్దగా లేదు. పైన ఒక ఫ్యాను కిరకిరమంటోంది. గోడకి గడియారం. కిటికీ పక్క బీరువా మీద తాళ్లు కట్టిన ఫైళ్లు కునుకుతున్నట్టు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నాయి. జడ్జి గారి ఎత్తు బల్లకి ముందు చిన్న మేజా, దాని వెనక ఖాళీ కుర్చీ. అది కూతురి కుర్చీ. ఈ రోజు అందులో ఒక పెద్దావిడ వచ్చి కూర్చుంది. నెరిసిన జుట్టు, ముక్కు మీదికి జారిన కళ్లజోడు. కూతురికి పని నేర్పిన పెద్ద స్టెనో ఆవిడే. కూతురే సాక్షి అయిన రోజున ఆమె మాటలు ఇంకొకరు రాయాలి కదా.

వెనక బల్ల మీద తల్లి కూర్చుని సంచి ఒళ్లో పెట్టుకుంది. పక్కన ఇంకో ఆడమనిషి జరిగి చోటిచ్చింది. సన్నటి మనిషి. చేతివేళ్లు గచ్చు తోమి తోమి పగిలి ఉన్నాయి.

“సంచి కింద పెట్టుకో అక్కా, చేతులు నొప్పెడతాయి.”

“ఫరవాలేదు చెల్లీ.”

“ఇక్కడ సామాను పోదులే. మనుషులే పోతారు” అని నవ్వింది ఆ మనిషి. నవ్వులో పళ్లు కనబడ్డాయే గాని నవ్వు కనబడలేదు. “నీది ఏ కేసు?”

తల్లి గడియారం వైపు చూసింది. “ఊరికే... చూద్దామని.”

“చూడ్డానికి వచ్చావా? దీనికన్నా బస్టాండు నయం గదా, అక్కడ కనీసం బస్సులు కదులుతాయి. నేను పదకొండు నెలల్నుంచి వస్తున్నా. ఆ మూల బల్లకి నా ఒంటి అచ్చు పడిపోయి ఉంటుంది. మావాడు వెల్డింగు పని చేస్తాడు. గోదాము కాల్చాడని పట్టుకుపోయారు.”

తల్లి సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

“ఆ సాయంత్రం మావాడు గేటుకి ఊడిన మడత బందు అతకడానికి వెళ్లి, పని చేసి, తిరిగొచ్చేశాడు. ఆ ముసలాయన మంచోడే, అబద్ధం ఆడే మనిషి కాదు. ‘అమ్మా, ఆయన ఏమీ అనలేదమ్మా, తల ఇట్టా ఇట్టా ఊపాడు’ అని చెబుతాడు మావాడు. మరి కాగితంలో అట్టా ఉంది. కాగితంలో ఉన్నాక మనిషి ఏం చెప్పినా గాలికి పోయినట్టే గదా.”

“ఆ రాసిన... ఆ అమ్మాయి మీద నీకు కోపం లేదా?”

ఆ మనిషి కాసేపు పగిలిన వేళ్లని చూసుకుంది. “మొదట్లో తిట్టుకున్నా అక్కా, అబద్ధం ఎందుకు. తర్వాత రోజూ ఇక్కడే కూర్చుని చూశా. అందరూ టీలకి లేస్తారు, లాయర్లు బయటికి పోయి ఫోన్లు మాట్లాడుకుంటారు. ఆ పిల్ల మాత్రం లేవదు. వంచిన తల ఎత్తదు. ఒకసారి నేను ఏడుస్తుంటే ఒక్క క్షణం తలెత్తి చూసింది, మళ్లీ రాసుకుంది. గచ్చు తోమే చెయ్యికీ రాసే చెయ్యికీ అలుపు ఒకటే. అలిసిన చెయ్యి పొరపాటు చేస్తుంది. పొరపాటని ఒప్పుకుంటే చాలు నాకు. ఆ పిల్లకీ ఇంటి దగ్గర ఒక తల్లి ఉండే ఉంటుంది.”

ఇంతలో గది అంతా లేచి నిలబడింది. జడ్జి గారు వచ్చారు.

*

కూతురు బోనెక్కింది. ప్రతిరోజూ పక్కనుంచి చూసే చోటుని మొదటిసారి లోపలినుంచి చూస్తోంది. ప్రమాణం చేసింది.

“పుస్తకం తెచ్చారా?” అన్నారు జడ్జి గారు.

“లేదండి.”

“ఎందుకని?”

“పెట్టెలో కనబడలేదండి. ముప్పై ఆరు ఉంది, ముప్పై ఎనిమిది ఉంది.”

లాయరు లేచాడు. వయసు మళ్లిన మనిషి. మాట మాటకీ ముందు దగ్గు వస్తుంది. “అంటే, మాకు కావలసిన ఆ ఒక్కదానికే కాళ్లొచ్చాయన్నమాట.”

“నాకు తెలియదండి.”

“పోనీ, గుర్తున్నది చెప్పండి. ఆ ముసలాయన నోరు తెరిచి అవును అన్నాడా, లేదా?”

అన్నాడని చెప్పవే, చెప్పెయ్యవే అనుకుంది తల్లి. పెదవులు కూడా కదిలాయి.

“గుర్తుంచుకోవడం నా పని కాదండి” అంది కూతురు. ఆ గొంతులో గర్వం లేదు, బెదురు లేదు. రోజంతా నిలబడ్డ మనిషి గోడకి ఆనుకున్నట్టుంది. “రాయడం నా పని. ఆ రోజు ఆరుగురు సాక్షులు. ఎవరు ఏ మాట ఎలా అన్నారో గుర్తుందని ఇప్పుడు చెబితే అది అబద్ధం అవుతుంది.”

“మరి ఆ కాగితం?”

“కాగితం నేను టైపు చేసిందే. సంతకం నాదే. కానీ పుస్తకం చూడకుండా అది సరైనదని ఈ రోజు ప్రమాణం చేయలేను.”

తల్లి లెక్క తప్పింది. పుస్తకం లేకపోతే కాగితం నిలుస్తుందనుకుంది. నిలబెట్టాల్సిన మనిషే చెయ్యి తీసేసింది.

లాయరు దగ్గాడు. “పుస్తకాలు మీ ఇంట్లోనే ఉంటాయి కదా. పెట్టె మీదే కదా. మరి ముప్పై ఏడో పుస్తకాన్ని మీరే మాయం చేశారా?”

“లేదండి.”

“అయితే ఇంట్లో ఇంకెవరుంటారు?”

కూతురు నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆమె కళ్లు లాయరు భుజం మీదుగా, వెనక బల్ల దాకా వచ్చాయి. బల్ల మీద తల్లి. తల్లి ఒళ్లో కూరగాయల సంచి. సంచిని రెండు చేతులతో, పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్న పద్ధతి.

చూసింది. అర్థమైంది. అర్థమైనట్టు తల్లికీ అర్థమైంది.

“జవాబు చెప్పాలి మీరు” అన్నారు జడ్జి గారు. గొంతు పెంచలేదు. “ఒక సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. టైపులో పొరపాటు వస్తే దానికి సంజాయిషీ ఉంటుంది, మందలింపు ఉంటుంది, దిద్దుబాటు ఉంటుంది. పుస్తకం మాయం చేస్తే అది పొరపాటు కాదు. నేరం. తెలుసు కదా?”

కూతురి రెండు చేతులూ బోను కట్టె మీదికి వెళ్లాయి.

కాపాడుతున్నాననుకుని చంకలో పెట్టుకున్నది నిప్పుకణిక అని ఈ తల్లికి అప్పుడు తెలిసింది. పేజీ బయటపడితే కూతురికి ఒక మందలింపు. దాచినందుకు జైలు. పొద్దున ఆరు కాకముందే ఊరికే నోటికొచ్చిన మాటని తనే నిజం చేస్తోంది.

గడియారం ముల్లు కదులుతోంది. ఏళ్ల తరబడి చదివి వినిపించిన మనిషి కనుక నిమిషం ఎంత పొడవుంటుందో ఆమెకు ఇంకొకరు చెప్పక్కర్లేదు. పావు నిమిషం. ముప్పై ఐదు మాటలు పట్టే చోటు. అర నిమిషం. డెబ్భై మాటలు పట్టే చోటు. అందులో ఒక్కటీ లేదు. తల్లిని పట్టివ్వలేక, అబద్ధం చెప్పలేక ఆ పిల్ల బోను కట్టెని పట్టుకుని నిలబడి ఉంది. మేజా దగ్గర పెద్ద స్టెనో పెన్ను కాగితం మీద చిన్నగా, గుండ్రంగా తిరిగి ఆగింది. ఇంత దూరంనుంచీ తల్లికి తెలిసిపోయింది. ఖాళీ సున్న.

పక్కనున్న వెల్డరు తల్లి ఈమె చెవి దగ్గర గొణిగింది. “పాపం, ఎంత నలిగిపోతోందో చూడక్కా ఆ పిల్ల.”

తల్లి లేచి నిలబడింది.

తను లేచినట్టు మొదట ఆమెకే తెలియలేదు. ఫ్యాను కిరకిర ఆగిపోయినట్టు అనిపించింది గాని, ఆగలేదు. తలలన్నీ వెనక్కి తిరిగాయి. బంట్రోతు “కూర్చోమ్మా, కూర్చో” అంటూ రెండడుగులు వేశాడు. జడ్జి గారు చేత్తో ఆపారు.

“ఎవరమ్మా మీరు? ఈ పుస్తకం సంగతి మీకేమైనా తెలుసా?”

నిమిషానికి నూట నలభై మాటలు చదివిన నాలుక, ఒక్క మాట దగ్గర మొరాయించింది. తల్లి తల ఊపింది. పైకీ కిందికీ, ఒకసారి.

పెద్ద స్టెనో కళ్లజోడు పైనుంచి చూస్తూ పెన్ను ఎత్తి పట్టుకుంది.

బోనులోంచి కూతురు గొంతు వచ్చింది. చాలా మెల్లగా. పొద్దున పెట్టె ముందు అనాల్సి ఉండి, అనకుండా వదిలేసిన మాట.

“అమ్మా. తల ఊపితే రాయలేరు. నోటితో చెప్పు.”

పక్కనున్న మనిషి చివ్వున తలెత్తి ఆమె వైపు చూసింది. పగిలిన వేళ్లు బల్ల అంచుని పట్టుకున్నాయి. ఆ చూపు ఒంటిమీద పడుతుంటే తల్లి సంచిలో చెయ్యి పెట్టింది. పాత పేపర్లు చరచరమన్నాయి. ముల్లు మళ్లీ మొదటికొచ్చి, ఒక చుట్టు పూర్తిగా తిరిగింది. నూట నలభై మాటలు పట్టే చోటు.

తర్వాత ఆమె జవాబు చెప్పింది.

“ఇదిగోండి, ముప్పై ఏడు. దాచింది నేను. మా అమ్మాయికి తెలియదు.” పుస్తకం పైకెత్తి చూపించింది. “ఆ ముసలాయన అవును అనలేదండి. నాకు ఆ గీతలు చదవడం వచ్చు, చదివే దాచాను. ఆ పేజీ అంచున ఇంకో గుర్తు కూడా ఉంది. అది చదివినా మీకెవరికీ అర్థం కాదు. అది అక్కడికి ఎందుకొచ్చిందో నేనే చెప్పాలి.”